పలక చేతికిచ్చిరి, చదివించువారేరి?

మన యిండ్లలో ఇప్పుడొక క్రొత్త యాచారము ప్రబలినది. ఆదివారము రాత్రి భోజనములైన పిమ్మట పిల్లవాడు మెల్లగా వచ్చి, "నాన్నా, రేపు సాంఘిక శాస్త్రము ప్రాజెక్టు ఇయ్యవలెను" అనును. తండ్రి విసుగుకొని, చొక్కా తొడిగికొని, వీధి చివరనున్న నెట్ సెంటరునకు పోవును. అక్కడి కుఱ్ఱవాడు విషయమేమని అడిగి, ఆ పేరు గూగులులో వేసి, మొట్టమొదట వచ్చిన పుటను అచ్చుతీసి, కాగితమునకింత అని పుచ్చుకొనును. తల్లి దానిని తెల్లకాగితములపై అంటించి, చుట్టును స్కెచ్ పెన్నుతో అంచు దిద్దును. అప్పటికి పిల్లవాడు నిద్రపోవుచుండును. మఱునాడు ఉపాధ్యాయుడు దానిపై ఎఱ్ఱసిరాతో ఒక గుఱుతు పెట్టి, పదింటికి తొమ్మిది మార్కులు వేయును. ఈ తంతులో చదివినవారెవరు? నెట్ సెంటరు కుఱ్ఱవాడు చదువలేదు, తండ్రి చదువలేదు, తల్లి అంచు దిద్దెనేగాని చదువలేదు, పిల్లవాడు చదువలేదు, ఉపాధ్యాయుడును చదువలేదు. అయినను చదువు జరిగినట్లు రిజిస్టరులో ఎక్కినది.

ఇది మేము హాస్యమునకు చెప్పుట లేదు. గోదావరి తీరమునందలి యొక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు మేము పోయినప్పుడు, పిల్లలు ధవళేశ్వరము ఆనకట్టను గూర్చి సమర్పించిన ప్రాజెక్టు పుస్తకములను తిరుగవేసి చూచితిమి. ఒక పుస్తకములో ఆనకట్ట 1852లో పూర్తియైనదని యున్నది. మఱియొకదానిలో 1982లో పూర్తియైనదని యున్నది. ఇంకొకదానిలో కాటన్ దొరగారు విజయవాడ ప్రకాశం బ్యారేజీని కూడ స్వయముగా కట్టించిరని యున్నది. మూడింటికిని ఒకే గుఱుతు, అవే తొమ్మిది మార్కులు. విచారించి చూడగా మొదటి రెండును నిజములే. కాటన్ దొరగారు 1847లో ఆరంభించిన పాత ఆనకట్ట 1852లో ముగిసినది. దానికి బదులుగా కట్టబడి, ఆయన పేరు పెట్టబడిన నేటి బ్యారేజీ 1982లో ముగిసినది. మూడవది మాత్రము శుద్ధాబద్ధము. ప్రకాశం బ్యారేజీ పూర్తియైనది 1957లో. కాటన్ దొరగారు 1899లోనే కాలధర్మము నొందిరి.

చదువరులారా, ఈ మూడు పుస్తకములను బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి, "పిల్లలారా, ఈ తేడా యేల వచ్చినది?" అని ఒక్క ప్రశ్న వేసినచో ఎంత చక్కని పాఠము! రెండు సంవత్సరములును సరియైనవే యెట్లగును? పాతది, క్రొత్తది యని రెండు కట్టడములున్నవని మొదటి పుటలో ఏల చెప్పలేదు? మూడవ పుటను వ్రాసినవారెవరు? వారి కెట్లు తెలిసినది? ఒక గంటసేపు తరగతి తేనెపట్టువలె రొద చేసియుండును. ఆ పాఠము జరుగలేదు. ఎఱ్ఱ గుఱుతు మాత్రము పడినది.

మేము ఆ ఉపాధ్యాయుని అడుగగా ఆయన కోపగింపక, "అయ్యా, నాకు పుస్తకములు నూట ఇరువది. అన్నియు చదివి దిద్దుటకు తీరిక యెక్కడిది? చదివితినే యనుకొనుడు, ఈ రెండు సంవత్సరములలో ఏది యేలాగున సరియో నేనెక్కడ చూడవలెనో నాకెవరు చెప్పిరి? గోడకు పెద్ద తెర పెట్టిరి. దానికి శిక్షణయు ఇచ్చిరి. వెలిగించుట, ఆర్పుట, వ్రేలితో దానిపై వ్రాయుట నేర్పిరి. అంతటితో సరి" అనెను. ఆయనను నిందించుటకు మాకు నోరు రాలేదు. నిందింపవలసినవారు వేఱుగ నున్నారు. వారిలో మనమును ఉన్నాము.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లను పంచిరి. తరువాత తరగతి గదులలో పెద్ద తెరలు వెలసెను. 2017లో కేంద్ర ప్రభుత్వమువారు దీక్ష యను పేర అంతర్జాల వేదికను నెలకొల్పిరి. పాఠ్యపుస్తకముల పుటలలో క్యూఆర్ గుఱుతులు అచ్చయ్యెను. ఏ పక్షమువారు మంచివారు, ఏ పక్షమువారు చెడ్డవారు అను వాదము మాకక్కఱలేదు. రాష్ట్రము మాఱినను, ప్రభుత్వము మాఱినను, పద్ధతి యొక్కటే: ముందు వస్తువు కొందురు, దానిని పంచునప్పుడు సభ చేయుదురు, ఛాయాచిత్రములు తీయింతురు, ఆ వస్తువుతో ఏమి చదువవలెను, ఎట్లు చదువవలెను, ఎవరు చదివించవలెను అను విచారము చివరకు మిగులును. మిగిలినదానికి డబ్బు మిగులదు.

ఉపాధ్యాయులకు ఫోను తెలియదని మాత్రము ఎవరును అనరాదు. కొన్ని సంవత్సరములుగా వారు ఫోనుతోనే బ్రదుకుచున్నారు. పిల్లల హాజరు ఫోనులో, తమ హాజరు ఫోనులో, మధ్యాహ్న భోజనపు లెక్క ఫోనులో. ఆంధ్రప్రదేశములో మరుగుదొడ్ల ఛాయాచిత్రములను సయితము పంతులుగారే తీసి పంపవలసి వచ్చినది. వేలకొలది ఉపాధ్యాయులు ఈ యాప్‌లన్నిటిని కొలదిదినములలో నేర్చికొనిరి. నేర్వకున్న సంజాయిషీ యడుగుదురు గనుక నేర్చికొనిరి. మీటలు నొక్కుట కష్టమైన విద్య కాదని దీనివలననే తేలుచున్నది. కష్టమైన విద్య వేఱొకటి కలదు. అది తెరమీద కనబడినదానిని నమ్మదగునా లేదా యని తేల్చుకొనుట. దానిని వారికెవరును నేర్పలేదు. నేర్పవలెనని తలచినవారును అరుదు.

"చదువు వచ్చినవానికి ఇది వేఱుగా నేర్పవలెనా? పుస్తకము చదువగలవాడు తెరమీద చదువలేడా?" అని పెద్దలు కొందఱు ప్రశ్నింతురు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. మా భ్రమను పోగొట్టినది 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అను వారిద్దఱు ప్రకటించిన యొక పరిశోధనము. వారు పదిమంది చరిత్రపండితులను, పదిమంది వార్తలలోని నిజానిజములను తేల్చు వృత్తివారిని, ఇరువదియైదుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులను కూర్చుండబెట్టి, కొన్ని అంతర్జాల పుటలను చూపి, వీనిలో నమ్మదగినదేదియో చెప్పుడనిరి. అందులో రెండు శిశువైద్య సంఘముల పుటలు కలవు. రెండింటి పేర్లును ఇంచుమించు ఒక్కటే. ఒకటి 1930లో పుట్టి దేశమంతట వ్యాపించిన వైద్యుల మహాసంఘము. రెండవది దానినుండి 2002లో చీలిన చిన్న కూటమి; ఒక సాంఘిక విషయమున తమకుగల పట్టుదలను వైద్యముగా చూపుటకై ఏర్పడినది. పుట యలంకారము చూచినచో రెండును గౌరవనీయములుగానే కనబడును. చరిత్రపండితులు, జీవితమంతయు పత్రములను పరీక్షించుటలో గడపినవారు, పుటను ఆమూలాగ్రముగా చదివిరి. భాష చూచిరి, చిహ్నము చూచిరి, క్రింద నిచ్చిన ప్రమాణములు చూచిరి. చూచియు పలువురు తడబడిరి. విద్యార్థుల మాట చెప్పనక్కఱలేదు. వార్తాపరీక్షకులు మాత్రము ఆ పుటలో క్షణముకూడ నిలువలేదు. వెంటనే వేఱొక పుట తెఱచి, "ఈ సంఘమును గూర్చి యితరులేమనుచున్నారు?" అని వెదకి, కొద్ది నిమిషములలో గుట్టు తెలిసికొనిరి.

ఇది మనకు తెలియని విద్య కాదు. మన యింటికి పెండ్లి సంబంధము వచ్చినప్పుడు పెండ్లికొడుకు తండ్రి చెప్పిన మాటనే నమ్మి ముహూర్తము పెట్టుకొందుమా? ఆయన మాటలెంత తీయగా నున్నను, చేతి యుంగరమెంత మెఱయుచున్నను, "ఆ యూర మనవారెవరున్నారు?" అని విచారింతుము. పొరుగింటివారి నడుగుదుము, పనిచేయుచోట నడుగుదుము, పాలు పోయువానినైనను అడుగుదుము. చదువురాని మన యవ్వలకు సయితము తెలిసిన యీ వివేకమును, చదువుకొన్న మనము తెర యెదుట కూర్చుండగానే మఱచిపోవుచున్నాము. పుస్తకమువిషయమున ఆ విచారణను మనకు బదులుగా వేఱొకరు చేసియుండిరి. అచ్చొత్తించువాడు కొంత చూచెను. పాఠ్యపుస్తక సంఘమువారు కొంత చూచిరి. గ్రంథాలయాధికారి కొంత ఏఱి పెట్టెను. ఆ పిమ్మటనే అది పిల్లవాని చేతికి వచ్చెను. కాబట్టి పుస్తకమును పైనుండి క్రిందికి శ్రద్ధగా చదువుటయే మంచి చదువని మన పంతుళ్లు నేర్పిరి. అది అప్పటికి సరిపోయెను. అంతర్జాలములో ఆ కాపలా లేదు. అచట మంచి చదువరి మొదట పుటను విడిచి వెలుపలికి పోవలెను. వెలుపల విచారించి లోపలికి రావలెను. శ్రద్ధగా చదువువాడే మొదట మోసపోవు చోటది. ఈ తలక్రిందుల సంగతి తెలియని ఉపాధ్యాయుడు, "జాగ్రత్తగా చదువుము నాయనా" అని తాను నేర్చిన మంచి మాటనే చెప్పి, పిల్లవానిని గోతిలోనికి పంపును.

ఇందు ప్రమాదమేమున్నది, ఆనకట్ట సంవత్సరము తప్పినంత మాత్రమున కొంప మునుగునా యని యనవచ్చును. మునిగిన కొంపలను చెప్పెదము. 2018 వేసవిలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని తెలుగు రాష్ట్రములలో ఊరూర వాట్సాపు సందేశములు తిరిగెను. భాష తెలియని బాటసారులను, బిచ్చగాండ్రను, మతిచెడినవారిని గుంపులు చుట్టుముట్టి కొట్టిరి. ప్రాణములు పోయెను. హైదరాబాదు పాతబస్తీలో పొట్టకూటికై వచ్చిన యొక ట్రాన్స్‌జెండర్ స్త్రీ గుంపు చేతులలో మరణించెను. ఆ సంవత్సరము దేశములో తిరిగిన వీడియోలలో నొకటి కరాచీ నగరములో పిల్లల భద్రతకై తీసిన ప్రబోధచిత్రము. మోటారు సైకిలుమీద వచ్చినవారు బాలుని ఎత్తుకొనిపోయి, మరల తెచ్చి దింపి, జాగ్రత్త సుమా యని ఫలకము చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. మిగిలినది చూచినవారు నిజమనుకొనిరి. ఆ సందేశములను చదివి యితరులకు పంపినవారు చదువురానివారా? కారు. బడికి పోయినవారు, పరీక్షలు గడచినవారు. వారు చదివిన పండ్రెండు సంవత్సరములలో, "ఈ చిత్రమెక్కడిది, ఎప్పటిది, దీని తక్కిన భాగమేది?" అని యడుగుట నేర్పిన గంట యొక్కటియు లేదు.

అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందిని గ్రామములకు పంపి, డప్పుతో, పాటతో, ఆ వదంతులు కల్లలని చాటించిరి. ఆమె చేసినది ఘనకార్యము. కాని యొక మాట. అది పోలీసులు చేయవలసిన పనియా? నిప్పంటుకొన్న పిమ్మట నీళ్లు చల్లువారు పోలీసులు. అంటుకొనకుండ చూడవలసినది బడి.

ఇక ఉపాధ్యాయుని తయారుచేయు కళాశాలలకు పోదము. 2014లో వచ్చిన నిబంధనలతో బి.ఎడ్. చదువు రెండు సంవత్సరములదైనది. దాని ప్రణాళికలో రెండు చిన్న అంశములు చేరినవి. ఒకటి, గ్రంథములను చదివి వానిపై ఆలోచించుట. రెండవది, సమాచార సాంకేతికతను విమర్శదృష్టితో అర్థము చేసికొనుట. పేర్లు చూచి మేము మిక్కిలి సంతోషించితిమి. ఈ రెండును చేతులు కలిపినచో మేము కోరు విద్య పుట్టును! కాని మేమెఱిగిన కళాశాలలలో ఈ యక్కచెల్లెండ్రు ఒకరి ముఖమొకరు చూచినట్లు లేదు. మొదటిదానికి ఒక రికార్డు పుస్తకము. సీనియరుల రికార్డు చూచి జూనియరులు నింపుదురు. రెండవదానికి పవర్‌పాయింటు బొమ్మలు, ఒక ఈమెయిలు ఖాతా, అంతే. చదువుటను గూర్చిన పత్రములో అంతర్జాలము లేదు. అంతర్జాలమును గూర్చిన పత్రములో చదువుట లేదు.

ఉద్యోగములో చేరిన పిమ్మటి శిక్షణము సంగతియు ఇట్లే. 2020 జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయునకు ఏటేట 50 గంటల శిక్షణావకాశము ఉండవలెనన్నది. మంచిదే. ఆ గంటలలో పెక్కు వీడియో పాఠములుగా మాఱినవి. పంతులుగారింట వీడియో తనంతట తాను నడచుచుండును, పంతులమ్మగారు కూరగాయలు తఱుగుచుందురు; చివర ప్రశ్నల జవాబులు వాట్సాపు గుంపులో వచ్చును; సర్టిఫికెటు దిగును. ఈ మాట వ్రాసినందుకు మా ఉపాధ్యాయ మిత్రులు కోపగింతురేమో! వారిని దెప్పుటకు వ్రాయలేదు. ఈత నేర్పుదుమని ఈతను గూర్చిన ఉపన్యాసము వినిపించినవారిని దెప్పుచున్నాము.

ఇక ఆక్షేపణలు. "పిల్లలకు తెలుగక్షరములే సరిగా రావు, మీరు అంతర్జాల పఠనమందురేమి?" అని యొకటి. ఈ బాధ మాకును కలదు. 2023లో 14 మొదలు 18 ఏండ్లవారిని పరీక్షించిన ఏసర్ నివేదిక ప్రకారము దేశములో వారిలో నాలుగవ వంతు తమ భాషలో రెండవ తరగతి పాఠమును ధారాళముగా చదువలేకున్నారు. కాని అదే సంస్థ 2024లో 14 మొదలు 16 ఏండ్ల పల్లెపిల్లలను అడుగగా, నూటికి 82 మంది స్మార్టుఫోను వాడనేర్తుమనిరి. ముందటి వారములో చదువుపనికి వాడినవారు 57, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76. అనగా, అక్షరము వచ్చు వఱకు తెర ఆగి కూర్చుండలేదు. ధారాళముగా చదువలేనివాడు చూచి, విని నమ్మును. వానికే యీ వివేకము ముందుగా కావలెను.

రెండవ యాక్షేపణ: "ఫోను బడికి రానీయకుండిన సరిపోవును." బడి గేటువద్ద ఫోనును ఆపవచ్చును, ఇంటి గడపయొద్ద ఎవరాపుదురు? ఆపుచున్నవారు లేకపోలేదు. కాని ఎవరికి ఆపుచున్నారో చూడుడు. ఆ 2023 నివేదికలోనే ఫోను వాడనేర్చిన యువకులలో నూటికి దాదాపు 44 మందికి సొంత ఫోనున్నది. యువతులలో నూటికి 20 మందికే. అన్న చేతిలో ఫోను, చెల్లెలి చేతిలో చీపురు. "ఆడపిల్ల చెడిపోవును" అనుట ఆ యింటివారి సమాధానము. నూటయేబది యేండ్లక్రిందట, 1874లో, వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరములో బాలికాపాఠశాల పెట్టినప్పుడు పుస్తకమును గూర్చి ఇదే మాటను ఇదే గొంతుకతో అనిరి. ఆడపిల్లకు మేలుకీడులు తెలిసికొని చదువుట బడిలో నేర్పినచో, ఆమె ఫోను నడుగుటకు ఒక బలము కలుగును. నేర్పక లాగికొన్నచో, పెండ్లియైన మఱునాడు తెలియని చేతులతో ఆ ఫోనునే పట్టుకొని, అప్పులిచ్చు యాప్‌ల పాలబడును.

మూడవది: "కంప్యూటరు మాస్టరు చూచుకొనును." చూచుకొనలేడు. ఆనకట్టను గూర్చిన అబద్ధమును పట్టుకొనవలసినది సాంఘిక శాస్త్రపు పంతులుగారు. పసుపునీళ్లతో పుట్టకురుపు మానునను వీడియోను పట్టుకొనవలసినది జీవశాస్త్రపు పంతులమ్మ. పోతన పేరుతో తిరుగు దొంగపద్యమును పట్టుకొనవలసినది తెలుగు పండితుడు. ఈ విద్య ఏ యొక్కరి సొత్తును కాదు.

నాలుగవ యాక్షేపణ క్రొత్తది. "ఇక వెదకుటయే అక్కఱలేదు, కృత్రిమ మేధ నడిగిన చెప్పును" అని. 2022 నవంబరు తరువాత వచ్చిన యీ యంత్రములు చక్కగా మాటలాడుననుటలో సందేహము లేదు. తెలియనిచో తెలియదనుట మాత్రము వానికి తఱచు చేతకాదు. వేమన పద్యము చెప్పుమన్నచో వేమన కలనైన చెప్పని పద్యమును మకుటముతోసహా అల్లి యిచ్చుట మేమే చూచితిమి. 2023లో న్యూయార్కు నగరమున ఇద్దఱు న్యాయవాదులు యంత్రము కల్పించి యిచ్చిన లేని తీర్పులను న్యాయస్థానమునకు సమర్పించి, 5,000 డాలర్ల జరిమానా పొందిరి. న్యాయశాస్త్రము చదివినవారి గతి యిదియైనప్పుడు ఎనిమిదవ తరగతి పిల్లవాని గతి యేమి? ఈ యంత్రము వచ్చినందున గురువు అక్కఱ తగ్గలేదు, పెరిగినది. మునుపు వెదకినప్పుడు పది పుటలైనను కనబడెడివి, వానిలో తేడాలుండెడివి. ఇప్పుడు ఒక్కటే జవాబు, తేడాలన్నియు నునుపుచేయబడి వచ్చును. మా ఆనకట్ట పుస్తకములలోని 1852కును 1982కును గల తగవే లేకుండ పోవును. తగవు లేనిచో ప్రశ్న యెక్కడనుండి పుట్టును?

అట్లయిన చేయవలసినదేమి? కేరళమును చూడుడు. 2018లో కన్నూరు జిల్లాలో కలెక్టరు మీర్ మహమ్మదాలీగారి పూనికతో నూటికి పైగా ప్రభుత్వ పాఠశాలలలో కల్లవార్తలను పసిగట్టుట పాఠముగా నేర్పిరి. టీకాలపై వ్యాపించిన వదంతులవలన తల్లిదండ్రులు వెనుదీయుట చూచి వారు దీనికి పూనుకొనిరి. 2022లో ఆ పాఠము రాష్ట్రమంతటికి వ్యాపించినది. ఇది యొక కలెక్టరు ఉత్సాహముతోనే నిలిచినది కాదు. ఆ రాష్ట్రములో 2001 నుండియు బడిపంతుళ్లలోనుండియే కొందఱిని ఏఱి, తక్కిన పంతుళ్లకు నేర్పువారినిగా తీర్చిదిద్దుచు వచ్చిరి. పరికరములు అమ్మువాని మనుష్యుడు వచ్చి నేర్పుట వేఱు. ప్రక్కబడి పంతులు వచ్చి, "నేనును మోసపోతిని, ఇదిగో ఇట్లు తెలిసికొంటిని" అని నేర్పుట వేఱు.

మా మనవి యేమనగా, శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయుని మొదట ఒకమాఱు మోసపోనిండు. చక్కగా అలంకరించిన కల్లపుటను ఆయన యెదుట పెట్టి, నమ్మిన పిమ్మట గుట్టు విప్పుడు. ఆ సిగ్గు పది యుపన్యాసముల పెట్టు. అటుతరువాత ఆయన తన పాఠ్యాంశములోనే, తన తెలుగులోనే, పది పుటలు తానే పరీక్షింపవలెను. తెలుగు వికీపీడియా 2003 నుండి మన యెదుటనే యున్నది. దానిలో ప్రతి వ్యాసమునకు పైన "చరిత్ర" యని యొక మీట కలదు. ఆ వ్యాసములో ఏ మాట నెవరు ఎప్పుడు చేర్చిరో, ఎవరు తీసివేసిరో అంతయు కనబడును. "చర్చ" యను మఱియొకదానిలో వ్రాసినవారి తగవులు కనబడును. వంటయింటి తలుపు తెఱచి చూపు భోజనశాల ఇంకొకటి యున్నదా? పిల్లలను వికీపీడియా చూడవద్దని గద్దించుటకు బదులు, ఆ రెండు మీటలను నొక్కించి చూపిన పంతులు ఎందఱున్నారు? ఈ ప్రశ్నను మేమొక సభలో వేయగా, చేతులెత్తినవారు మువ్వురు.

అన్నిటికంటె కష్టమైనది ఇంకొకటి కలదు. మన బళ్లలో గురువు తెలియదనరాదు. అంతర్జాలము తెఱచి వెదకునప్పుడు గురువునకును తెలియని సంగతులు వచ్చును. పిల్లవాడే ముందుగా కనిపెట్టవచ్చును. "నాకును తెలియదు, రమ్ము, కలిసి చూతము" అనగల గుండె గలవాడే దీనిని నేర్పగలడు. ఆ గుండెను శిక్షణ కళాశాలలోనే కలిగింపవలెను. తనిఖీకి వచ్చు అధికారి దానిని తప్పుగా వ్రాయకుండుటయు కావలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార మహాసభ కూడినప్పటినుండి మన పెద్దలు ఊరూర పుస్తకములు చేర్చుటతో తృప్తిపడలేదు. పుస్తకము నందించువానికి శిక్షణ యుండవలెనని తరగతులు నడపిరి. బీరువాలు పంచినంతనే గ్రంథాలయోద్యమమైనదని వారనుకొనియుండినచో, నేడు మనము వారిని తలచుకొనియుండము.

గృహస్థులైన మా చదువరులకును పని యున్నది. మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశము జరిగినప్పుడు, "తెర ఎన్ని అంగుళములు?" అని యడుగకుడు. "ఈ నెలలో మా పిల్లలచేత ఏ పుటను పరీక్షింపజేసితిరి?" అని యడుగుడు. ఆదివారము రాత్రి నెట్ సెంటరునకు పరుగెత్తకుడు. ప్రాజెక్టు లేక పిల్లవాడు బడికి పోయిన పోనిండు.

మొన్న ఆ గోదావరి తీరపు ఉపాధ్యాయుడు మాకు ఫోను చేసెను. ఈ యేడు ప్రాజెక్టునకు అచ్చు కాగితములు తేవద్దని చెప్పి, నిరుటి మూడు పుస్తకములను తరగతిలో విప్పి పెట్టెనట. రెండు దినములు తగవు సాగెను. ఇద్దఱు బాలురు సైకిళ్లపై ధవళేశ్వరము పోయి కాటన్ మ్యూజియము చూచి వచ్చిరి. ఒక బాలిక యేమియు అంటింపక, తన చేతివ్రాతతో అరపుట మాత్రమే వ్రాసినది. అందులో తాను చూచిన మూడు పుటల పేర్లు, వానిలో ఒకదానికి వ్రాసినవాని పేరు లేదని, తేదీ లేదని, కాబట్టి దానిని నమ్మలేదని, ప్రకాశం బ్యారేజీకి ముందు కృష్ణపై పాత ఆనకట్ట యుండెడిదని తెలిసినది గాని కాటన్ దొరగారికి దానితో ఎంత సంబంధమో తనకింకను తేలలేదని వ్రాసినదట. "అయ్యా, దీనికి పదింటికి ఎన్ని వేయవలెను?" అని ఆయన యడిగెను. పదియు వేయుడంటిమి. ఆయన కొంచెము సేపు ఊరకుండి, "బొమ్మలు లేవు, అంచు లేదు, అరపుటయే. తనిఖీలో అడిగినచో ఏమని చెప్పుదును?" అనెను.